యంత్రం దిగని చోటు

1997 మే నెలలో న్యూయార్క్‌లో చదరంగ ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ కంప్యూటర్‌కు చేతులు లేవు. ఏ ఎత్తు వేయాలో అది లెక్క కట్టి తెర మీద చూపేది. కాస్పరోవ్‌కు ఎదురుగా కూర్చున్న ఐబీఎం ఇంజనీరు ఆ ప్రకారం గుర్రాన్నో ఏనుగునో ఎత్తి గడిలో పెట్టేవాడు. మళ్ళీ 2016 మార్చిలో, సియోల్‌లో, ‘గో’ ఆటలో లీ సెడోల్‌ను ఆల్ఫాగో ఓడించింది. అక్కడా యంత్రం తరఫున పలక మీద రాళ్ళు పెట్టింది ఆజా హువాంగ్ అనే మనిషే.

చదరంగం పావును జరిపే మరచెయ్యి 1997 నాటికి చేయరానిదేమీ కాదు. కార్ల ఫ్యాక్టరీల్లో రోబో చేతులు అప్పటికే కొన్ని దశాబ్దాలుగా వెల్డింగ్ చేస్తున్నాయి. కాకపోతే పక్కనే మనిషి చెయ్యి ఉండగా, దానికోసం ఇంకో యంత్రం కొనాల్సిన పని ఎవరికీ పడలేదు.

మనుషుల పనులు యంత్రాలు లాగేసుకోవడం గురించి రాయబోతూ ఈ రెండు ఆటలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చిన్న పనులు ముందు పోతాయని, పెద్ద చదువుల పనులు చివరికి పోతాయని చాలామంది అనుకుంటారు. ఊడ్చేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు మొదట ఉపాధి పోగొట్టుకుంటారని, మిగతావాళ్ళకి ఇంకా టైముందని ధైర్యం చెప్పుకుంటారు. ఇప్పటిదాకా జరిగింది చూస్తే అలా లేదు. పని చిన్నదా పెద్దదా అన్నది యంత్రానికి సంబంధం లేని విషయం. అది ఎక్కడికి వస్తుందన్నది రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. పని జరిగే చోటు ఎంత క్రమంగా ఉంది? ఆ పని చేసే మనిషికి గంటకు ఎంత ఇస్తున్నారు? మొదటిదానికి ఇంజనీర్లు జవాబు చెప్పగలరు. రెండోదానికి సమాజం చెప్పాలి. ఆ రెండో ప్రశ్నకు మన దేశం చాలాకాలం చెప్పిన జవాబు వల్ల మనుషులు చచ్చిపోయారు. ఈ అధ్యాయం అక్కడికే వెళుతుంది. ముందు మొదటి ప్రశ్న సంగతి చూద్దాం.

జపాన్‌లో నాగసాకి ప్రాంతంలో హువిస్ టెన్ బోష్ అనే పెద్ద వినోద ఉద్యానం ఉంది. అందులో 2015 జూలైలో హెన్‌నా హోటల్ తెరిచారు. రిసెప్షన్‌లో ఒక డైనోసార్ రోబో, దాని పక్కన ఆడమనిషి రూపంలో మరో రోబో. సామాను గదికి చేర్చడానికి బండి రోబోలు. గదిలో మంచం పక్కన మాట్లాడే బొమ్మ. రోబోలే సిబ్బందిగా పనిచేసే మొదటి హోటలుగా గిన్నిస్ పుస్తకం కూడా దాన్ని గుర్తించింది. కాలక్రమంలో రోబోల సంఖ్య 243కు చేరింది. 2019 జనవరి నాటికి వాటిలో సగానికి పైగా తీసేశారు.

ఎందుకు తీసేయాల్సి వచ్చిందో చూస్తే రోబో శాస్త్రంలో అసలు చిక్కులన్నీ అందులో కనిపిస్తాయి. గదిలో బొమ్మ రాత్రివేళ అతిథి గురకను ఏదో అడుగుతున్నాడనుకుని, అర్థం కాలేదు మళ్ళీ చెప్పండంటూ ఆయన్ని పదేపదే నిద్ర లేపేది. సామాను బండ్లు వందకు పైగా ఉన్న గదుల్లో పాతికలోపు గదులకే వెళ్ళగలిగేవి. వాన పడినా మంచు పడినా ఆగిపోయేవి. రిసెప్షన్ రోబో నమస్కారం పెట్టేది కానీ విదేశీ అతిథి పాస్‌పోర్టు జిరాక్సు తీయడానికి మనిషే రావాలి. ఇక మొదటి రోజు నుంచీ రోబోకు అప్పగించాలన్న ప్రయత్నం కూడా చేయని పని ఒకటుంది. అది పక్కలు సర్దడం. ఆ హోటల్లో దుప్పట్లు మార్చింది, గలీబులు తొడిగింది మొదటినుంచీ మనుషులే.

హోటల్లో అందరికన్నా తక్కువ జీతం పుచ్చుకునేది సాధారణంగా గదులు సర్దేవాళ్ళే. ఆ పనే యంత్రానికి అన్నిటికన్నా దూరంగా ఉండిపోయింది. దానికి కారణం గుడ్డలో ఉంది.

ఇనుప ముక్కకు ఒక ఆకారం ఉంటుంది. దాని కొలతలు ఒకసారి కంప్యూటర్‌కు చెబితే చాలు. పదివేలసార్లు అదే చోట, అదే తీరులో దొరుకుతుంది. తువాలుకు ఆకారం అంటూ లేదు. బుట్టలో పడేసిన ప్రతిసారీ వేరే మడతలు, వేరే ముడతలు. ఒక కొస పట్టి ఎత్తితే రెండో కొస ఎక్కడికి పోతుందో ముందుగా లెక్క కట్టడం గణితంలో నిజంగానే కష్టమైన సమస్య. 2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీటర్ అబీల్ బృందం పీఆర్2 అనే రోబోకు తువాళ్ళు మడతపెట్టడం నేర్పింది. అంతకుముందు చూడని తువాలు ఇచ్చినా అది కొసలు వెతికి పట్టుకుని, చదును చేసి, చక్కగా మడిచి పెట్టింది. శాస్త్రవేత్తలకు అది గొప్ప విజయం. ఒక్కో తువాలుకు పట్టిన సమయం సగటున 25 నిమిషాల దాకా. హోటల్లో పనిచేసే ఆవిడ ఆ పాతిక నిమిషాల్లో గది మొత్తం సర్దేసి పక్క గదికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత రోబోలు చాలా వేగం పుంజుకున్నాయి, ఇంకా పుంజుకుంటాయి. అయినా మొదటి ప్రయత్నానికీ మనిషికీ మధ్య ఉన్న ఆ దూరం మనకి ఒక సంగతి చెబుతుంది. ‘నైపుణ్యం లేని పని’ అని మనం జీతాల పట్టికలో రాసేది ఎంత పెద్ద అబద్ధమో చెబుతుంది.

ఒక అరచేతిలో, వేళ్ళలో కలిపి స్పర్శను పసిగట్టే గ్రాహకాలు సుమారు 17,000 ఉంటాయని నాడీ శాస్త్రవేత్తల అంచనా. తడి గ్లాసు చేతిలోంచి జారబోతుంటే, జారుతోందని మనకి తెలిసేలోపే, సెకనులో పదో వంతు కూడా గడవకముందే, వేళ్ళు పట్టు బిగిస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త రోలాండ్ యోహాన్సన్ వేలికొనలకు మత్తిచ్చి అగ్గిపుల్ల గీయమని ఒక ప్రయోగం చేశారు. కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి, కండరాలు బాగానే ఉన్నాయి, అయినా పుల్ల పెట్టెలోంచి తీయడానికే వేళ్ళు తడబడ్డాయి. మామూలుగా కొన్ని సెకన్లలో అయ్యే పనికి దానికి కొన్ని రెట్ల సమయం పట్టింది. ఇప్పటి రోబో చేతుల్లో చాలావరకు ఆ మత్తు ఇచ్చిన వేళ్ళ స్థితిలోనే ఉన్నాయి.

దీన్నే రోబో శాస్త్రవేత్త హాన్స్ మోరవెక్ 1988లో ‘మైండ్ చిల్డ్రన్’ అనే పుస్తకంలో వివరించాడు. పెద్దవాళ్ళు బుర్ర గోక్కునే లెక్కలు కంప్యూటర్‌కు సులువు. ఏడాది పిల్లవాడికి వచ్చిన చూపు, నడక, పట్టు కంప్యూటర్‌కు మహా కష్టం. దీనికి ఆయన చెప్పిన కారణం పరిణామ క్రమంలో ఉంది. చూడడం, కదలడం, పట్టుకోవడం జీవజాతులు కోట్ల సంవత్సరాలుగా సాన పెట్టుకుంటూ వచ్చిన విద్యలు. అవి మనలో ఎంత లోతుకు ఇంకిపోయాయంటే, చేస్తున్నామన్న స్పృహ కూడా ఉండదు. తర్కం, గణితం నిన్న మొన్న వచ్చినవి. కొత్తవి కాబట్టే మనకి కష్టంగా తోస్తాయి, కష్టంగా తోస్తాయి కాబట్టి గొప్పవనుకుంటాం.

మరి యంత్రాలు నిజంగా మనుషుల్ని తీసేసిన చోట్లు లేవా? ఉన్నాయి. వాటిని దగ్గరగా చూస్తే, యంత్రం మనిషంత నేర్పరి కావడం వల్ల కాకుండా, మనిషి నేర్పు అక్కర్లేనట్టు ఆ చోటునే మార్చేయడం వల్ల అది జరిగిందని తెలుస్తుంది.

మన జాతీయ రహదారుల మీద టోల్ గేట్లు చూడండి. కిటికీలోంచి చెయ్యి చాపి డబ్బు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి, రసీదు చింపి ఇచ్చే మనిషి స్థానంలో చేతులున్న రోబోను కూర్చోబెట్టాలంటే ఇప్పటికీ తలకు మించిన పని. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆ చెయ్యి అవసరమే తగ్గిపోయింది. అద్దానికి అతికించే ఆ బిళ్ళలో బ్యాటరీ ఉండదు. గేటు మీది యాంటెన్నా పంపే రేడియో తరంగాల నుంచే కాస్త శక్తిని తీసుకుని లోపలి చిప్ మేలుకొంటుంది. తన మీద పడే తరంగాలను తన నంబరుకు తగ్గట్టు హెచ్చుతగ్గులుగా తిప్పి పంపుతుంది. గేటుకు కావలసింది ఆ నంబరే. డ్రైవర్ మొహం, నోటు చిరుగు, చిల్లర బేరం, ఇవేవీ దానికి అక్కర్లేదు.

సూపర్ బజార్లదీ ఇదే దారి. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో ఒక రిగ్లీ చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద బార్‌కోడ్‌ను మొదటిసారి యంత్రం చదివింది. ధరలు గుర్తుపెట్టుకోవడం, కీబోర్డు మీద వేళ్ళు పరుగెత్తించడం క్యాషియర్ నేర్పు. ఆ నేర్పు ఆ గీతల్లోకి వెళ్ళిపోయింది. కొంతకాలానికి కొనేవాళ్ళే తమ సరుకులు తాము స్కాన్ చేసుకునే గల్లాలు వచ్చాయి. ఇక్కడ జరిగింది సరిగ్గా చెప్పాలంటే, జీతం తీసుకునే మనిషి పని జీతం లేని మనిషికి, అంటే కొనుగోలుదారుకి మారింది. ఆ గల్లాలు సరుకులు కొనేవాళ్ళకీ, దుకాణదారుకీ కూడా చిరాకు తెచ్చాయి. ఇంగ్లండ్‌లో బూత్స్ అనే దుకాణాల సంస్థ 2023లో తన 28 దుకాణాల్లో రెండు తప్ప అన్నిటిలోనూ వాటిని తీసేసి మనుషుల్ని తిరిగి కూర్చోబెడతామని ప్రకటించింది.

ఒక వృత్తి పూర్తిగా మాయమవడం మాత్రం చాలా అరుదు. ఆర్థికవేత్త జేమ్స్ బెస్సెన్ 1950 నాటి అమెరికా జనగణనలో ఉన్న దాదాపు 270 వృత్తుల జాబితా తీసుకుని 2010 దాకా వెతికితే, ఆటోమేషన్ వల్లనే పూర్తిగా పోయిన వృత్తి ఒక్కటే తేలింది: లిఫ్ట్ ఆపరేటర్. ఆ పనైనా చూడండి, నిలువు గొట్టం, ముందుగా తెలిసిన అంతస్తులు, రెండు దిక్కుల కదలిక. అంతకన్నా క్రమంగా ఉండే చోటు మరొకటి ఉండదు. అందులోనూ తమంత తాము నడిచే లిఫ్టులు వచ్చాక కూడా కొన్ని దశాబ్దాలు జనం వాటిని నమ్మలేదు. న్యూయార్క్‌లో 1945 సెప్టెంబర్‌లో లిఫ్ట్ ఆపరేటర్లు సమ్మె చేసి నగరాన్ని స్తంభింపజేశారు. ఆ తర్వాతే భవనాల యజమానులు బటన్ల లిఫ్టుల వైపు గట్టిగా తిరిగారు.

లిఫ్టు కథ మనల్ని రెండో ప్రశ్న దగ్గరికి తెస్తుంది. యంత్రం తయారుగా ఉన్నా, మనిషి ఖరీదయ్యేదాకా దాన్ని ఎవరూ కొనరు. ఇది కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో కార్ల్ మార్క్స్ రెండు ఉదాహరణలు ఇచ్చాడు. రాళ్ళు కొట్టే యంత్రాన్ని అమెరికా వాళ్ళు కనిపెట్టినా ఇంగ్లండ్‌లో వాడడం లేదు, ఎందుకంటే అక్కడ రాళ్ళు కొట్టేవాడికి ఇచ్చే కూలి యంత్రం ఖర్చుకన్నా తక్కువ. కాలువల్లో పడవలు లాగడానికి అప్పటికీ కొన్నిచోట్ల గుర్రాలకు బదులు ఆడవాళ్ళను వాడుతున్నారు. గుర్రాన్ని మేపడానికి అయ్యే ఖర్చుకు లెక్క ఉంది. దిక్కులేని ఆడమనిషికి పెట్టే ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. యంత్రాలు పుట్టిన దేశంలోనే, యంత్రాలు ఉండగానే, మనుషుల బలం అంత హీనంగా వాడబడిందని ఆయన ఆగ్రహం. ఆ ఆగ్రహం నాకు న్యాయంగా కనిపిస్తుంది.

ఇంగ్లండ్ కాలువల మీద ఆ దృశ్యం పోయి చాలాకాలమైంది. మన కాలువల కింద ఉంది.

2015 నవంబర్‌లో కేరళలోని కోళికోడ్ నగరంలో మాన్‌హోల్ శుభ్రం చేయడానికి దిగిన ఇద్దరు కార్మికులు లోపలే పడిపోయారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు. అటుగా వెళుతున్న ఒక ఆటో డ్రైవర్ వాళ్ళను పైకి లాగడానికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. తర్వాతి ఏడాది ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లోని అయ్యప్ప సొసైటీ దగ్గర మాన్‌హోల్‌లో నలుగురు చనిపోయారు. అక్కడా కాపాడబోయి దిగినవాడు ఉన్నాడు. పేపర్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒకరి తర్వాత ఒకరు అన్న మాట కనిపిస్తుంది. దీనికి కారణం తెలుసుకోవడం అవసరం. ఇది తెలిసి ఉంటే కొందరైనా బతుకుతారు.

మురుగు నిలిచిన చోట గాలి ఆడదు. ఆక్సిజన్ అవసరం లేని బ్యాక్టీరియా అక్కడ పెరుగుతుంది. మురుగులోని సల్ఫేటును వాడుకుని అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన దీనిదే. పది లక్షల వంతుల గాలిలో ఒక్క వంతుకన్నా తక్కువ ఉన్నా ముక్కు దాన్ని పట్టేస్తుంది. మోసం అక్కడే ఉంది. వంద వంతులు దాటేసరికి వాసన పట్టే నాడులు మొద్దుబారిపోతాయి. వాసన తగ్గిందని మనిషి అనుకునే క్షణంలో ప్రమాదం పెరిగి ఉంటుంది. ఐదారు వందల వంతులకు చేరితే కాళ్ళు తేలిపోయి కూలబడతాడు, వెయ్యికి చేరితే ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది. మన కణాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే మైటోకాండ్రియాలో ఒక కీలకమైన ఎంజైమును ఈ వాయువు బిగించేస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉన్నా కణాలకు అది పనికిరాదు. ఇది గాలికన్నా బరువు కాబట్టి గుంత అడుగున చేరుతుంది. అడుగున సిల్టు మీద కాలు పడగానే, లేదా గడ్డపారతో కదిలించగానే, అందులో చిక్కుకున్న వాయువు ఒక్కసారిగా పైకి ఎగదన్నుతుంది. పైన మూత దగ్గర నిలబడి వాసన చూసి పర్వాలేదనుకున్నవాడికి లోపలి సంగతి తెలిసే అవకాశమే లేదు. మొదటివాడు పడిపోయాక, ముక్కుకు తువాలు చుట్టుకుని రెండోవాడు దిగుతాడు. తువాలు ఏ వాయువునూ ఆపదు. వాళ్ళను పైకి లాగాలంటే గాలి సిలిండరు తగిలించుకున్న శిక్షణ పొందిన మనిషి కావాలి, లేదా దిగేముందే నడుముకు కట్టిన తాడు ఉండాలి. ఎంత ప్రేమ ఉన్నా మూడోవాడు దిగకూడదు.

మన దేశంలో పాకీ పనిని నిషేధించిన మొదటి చట్టం 1993లో వచ్చింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, తన ఇంట్లోవాళ్ళు చేసిన ఆ పనిని దేశంలోనే లేకుండా చేయాలని సఫాయి కర్మచారీ ఆందోళన్ నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పేదల పక్షాన నిలబడిన ఎస్.ఆర్. శంకరన్ ఆయనకు అండగా నిలిచారు. వాళ్ళ పిటిషన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో రెండో చట్టం వచ్చింది. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దింపడాన్ని అది నేరం చేసింది. 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబర్ 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

చట్టాలు ఇలా నడుస్తుండగా యంత్రం ఎక్కడుంది? మురుగు గొట్టాన్ని నీటి జెట్టుతో శుభ్రం చేసే పద్ధతి ప్రపంచానికి దశాబ్దాలుగా తెలుసు. నీళ్ళు చిమ్మే గొట్టం మూతిని నాజిల్ అంటారు. దానికి వెనక్కి తిరిగిన చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. గట్టి ఒత్తిడితో నీళ్ళు వెనక్కి చిమ్మితే, గాలి వదిలిన బుడగ ఎగిరినట్టు, నాజిల్ గొట్టాన్ని లాక్కుంటూ ముందుకు దూసుకుపోతుంది. చిమ్మిన నీళ్ళు మట్టిని, గుడ్డపేలికల్ని కోసుకుంటూ వెనక్కి మాన్‌హోల్ దగ్గరికి తోసుకొస్తాయి. ఇందులో కృత్రిమ మేధ లేదు, కెమెరా లేదు. బడిలో చెప్పే న్యూటన్ మూడో సూత్రం ఉంది, ఒక పంపు ఉంది. అంత సులువైన యంత్రం మన బస్తీల్లోకి రావడానికి అంతకాలం పట్టడానికి శాస్త్రం కారణం కాదు. దిగడానికి మనిషి ఉన్నాడు. అతనికి రోజు కూలి ఇస్తే చాలు. కొన్ని కులాలవాళ్ళే దిగుతారని ఊరికి తెలుసు. కేంద్ర ప్రభుత్వం తన నమస్తే పథకం కింద నమోదు చేసిన మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఎస్సీ, ఎస్టీ, బీసీలే. మార్క్స్ చెప్పిన రాళ్ళ యంత్రం లెక్క ఇది. దానికి మన దగ్గర కులం తోడైంది. కూలితో పాటు ప్రాణం కూడా చవకైంది.

హైదరాబాద్ జలమండలి 2017లో ఆ లెక్క కొంత మార్చింది. పెద్ద జెట్టింగ్ లారీలు సందుల్లోకి పోలేవు. పాతబస్తీలో, బస్తీ గల్లీల్లో మనుషులు దిగాల్సి రావడానికి అదొక కారణం. చిన్న వాహనం మీద బిగించిన 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దింపారు. వాటిని దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, దళిత యువకులే యజమానులయ్యేలా ఏర్పాటు చేశారు. 2019లో ఢిల్లీ ఇదే పద్ధతిలో 200 యంత్రాలు తెచ్చుకుంది. యంత్రం ఎవరి పని తీసేస్తుందో వాళ్ళకే యంత్రం మీద హక్కు ఇవ్వడం అన్న ఆలోచన ఈ అధ్యాయంలో నేను చెప్పిన ఏ రోబో కన్నా నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

కోళికోడ్ మరణాలు కేరళలో కొందరు యువ ఇంజనీర్లను కదిలించాయి. తిరువనంతపురంలో వాళ్ళు పెట్టిన జెన్‌రోబోటిక్స్ సంస్థ 2018లో బ్యాండికూట్ అనే రోబోను తయారు చేసింది. మాన్‌హోల్ నోటి మీద దాన్ని నిలబెడతారు. సాలీడు కాళ్ళలాంటి నాలుగు కాళ్ళతో అది లోపలికి దిగి, గోడలకు కాళ్ళు తన్నిపెట్టి నిలదొక్కుకుంటుంది. చేతితో సిల్టును, రాళ్ళను, ప్లాస్టిక్‌ను బకెట్‌లోకి ఎత్తి పైకి పంపుతుంది. దానికి కెమెరాలు, వాయువుల్ని కొలిచే సెన్సర్లు ఉన్నాయి.

మాన్‌హోల్ మోరవెక్ చెప్పిన కష్టాలన్నీ ఒకేచోట ఉన్న గుంత. చీకటి, జారుడు, చిక్కుపడ్డ గుడ్డలు, ఎప్పుడు ఏముంటుందో తెలియని అడుగు. పూర్తిగా తనంత తాను పనిచేసే రోబోను అక్కడికి పంపాలని పట్టుబట్టి ఉంటే వాళ్ళు ఇంకా ప్రయోగశాలలోనే ఉండేవాళ్ళు. వాళ్ళు ఆ పట్టు పట్టలేదు. ఆపరేటర్ రోడ్డు మీద నిలబడి తెర చూస్తూ ఆ చేతిని నడుపుతాడు. ఇది గుడ్డనా, రాయా, ఎటువైపు నుంచి లాగాలి అన్న నిర్ణయం అతనిదే. ఇంతకుముందు దిగినవాళ్ళకే శిక్షణ ఇచ్చి చాలాచోట్ల ఆపరేటర్లుగా పెట్టారు. అది తెలివైన నిర్ణయం. ఏళ్ళ తరబడి చేత్తో తడిమి తెలుసుకున్న విద్య వాళ్ళ దగ్గర ఉంది. మనిషి స్థానంలో రోబో అన్న మాట ఇక్కడ సగమే నిజం. మనిషి శరీరం మాత్రమే గుంతలోంచి బయటికి వచ్చింది. అతని కన్ను, అతని అనుభవం పనిలోనే ఉన్నాయి.

అయినా చావులు ఆగలేదు. హైదరాబాద్‌లో యంత్రాలు వచ్చిన నాలుగేళ్ళకు, 2021 ఆగస్టులో, సాహెబ్ నగర్‌లో రాత్రిపూట మాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. యంత్రం నగరంలో ఉండడం ఒకటి, ఆ రాత్రి ఆ గుంత దగ్గర ఉండడం మరొకటి. పని కాంట్రాక్టర్ చేతుల్లోంచి సబ్ కాంట్రాక్టర్ చేతుల్లోకి జారినకొద్దీ యంత్రానికి అద్దె చెల్లించే స్తోమత, చెల్లించాలన్న ఉద్దేశం రెండూ తగ్గుతాయి. మనిషి మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు.

అందుకే 30 లక్షల తీర్పును నేను పరిహారంగానే చూడను. బ్యాండికూట్ లాంటి రోబో ధర కూడా లక్షల్లోనే ఉంది. ఒక మనిషి చనిపోతే తప్పకుండా చెల్లించాల్సిన సొమ్ము యంత్రం ధర దాకా వచ్చిందంటే, మొదటిసారి ఆ లెక్క కార్మికుడి వైపు మొగ్గే అవకాశం వచ్చింది. ఆ సొమ్ము నిజంగా వసూలు కావాలి, అదీ పని అప్పగించినవాళ్ళ దగ్గర్నుంచి. ప్రాణానికి ధర కట్టడం నాకు ఇష్టం లేదు. ఇంతకాలం ధరే లేకపోవడం ఇంకా ఘోరం. పని మానేసినవాళ్ళ పునరావాసానికి 2013 చట్టం కింద తొలి సాయంగా ఇచ్చేది 40,000 రూపాయలు. దాంతో యంత్రంలో చిన్న భాగం కూడా రాదు. డిక్కీ పద్ధతిలో యాజమాన్యం, అప్పు, జలమండలితో పని ఒప్పందం కలిపి ఇస్తే తప్ప, యంత్రం రావడమంటే ఆ కుటుంబానికి పని పోవడమే అవుతుంది.

ఇక మిగిలింది మన ఇళ్ళ కింద ఉన్నది. భూగర్భ డ్రైనేజీ లేని మన పట్టణాల్లో ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే ఆధారం. అవి నిండితే ట్యాంకర్ వచ్చి వాక్యూమ్ గొట్టంతో లాగేస్తుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు వదిలేస్తే అడుగున మడ్డి గట్టిపడి గొట్టానికి రాదు. పార తీసుకుని ఎవరో ఒకరు దిగాల్సి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ మార్గదర్శకాలు రెండు మూడేళ్ళకోసారి ట్యాంకు తీయించమని చెబుతున్నాయి. మడ్డి మెత్తగా ఉండగానే తీస్తే గొట్టమే సరిపోతుంది. మహారాష్ట్రలో వాయి, సిన్నర్ అనే చిన్న పట్టణాలు, పిలిస్తే వచ్చే పద్ధతి మానేసి, మూడేళ్ళకోసారి ప్రతి ఇంటికీ వరుస ప్రకారం ట్యాంకర్ వెళ్ళే పద్ధతి పెట్టుకున్నాయి. సెప్టిక్ ట్యాంకుల మడ్డి సేకరణకు, శుద్ధికి దేశంలో ముందుగా నిబంధనలు చేసుకున్న నగరాల్లో మన వరంగల్ ఒకటి. అది 2016లో చేసింది. తేదీల పట్టిక, పొడవైన గొట్టం, మూత దగ్గర వాయువు కొలిచే చిన్న పరికరం ఉంటే ఇంట్లో ఈ పనికి మనిషి దిగాల్సిన అవసరం రాదు. రక్షణ సామగ్రి లేకుండా దింపితే ఇంటి యజమాని అయినా సరే 2013 చట్టం కింద మొదటి నేరానికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు.